పాత వస్త్రం వ్యర్థమా?

మానవుని కనీస అవసరాలను మన పెద్దలు మూడు మాటలలో చెప్పినారు: కూడు, గూడు, గుడ్డ. కూడు మిగిలితే పశువుకో పక్షికో చేరుతుంది. గూడు శిథిలమైతే దాని రాయి, దాని దూలం మరొక ఇంటికి ఉపకరిస్తాయి. మరి గుడ్డ పాతబడితే ఏమవుతున్నది? ఇంటివరకు చూస్తే ఇది చిన్న ప్రశ్నే. కాని పట్టణాలలో లాడ్జీలు, హోటళ్లు, ఆసుపత్రులు, దుస్తుల దుకాణాలు, కుట్టుపని కేంద్రాలు పెరిగినకొద్దీ ఇది పెద్ద ప్రశ్న అయినది. వందల దుప్పట్లు, తువాళ్లు, పనివారి యూనిఫారాలు, కత్తిరింపు ముక్కలు ప్రతి నెలా ఈ సంస్థలనుండి బయటికి వస్తున్నవి. అవి పోయే చోటు ఏది?

2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, దేశంలో పుట్టినదీ, విదేశాలనుండి దిగుమతి అయినదీ కలిపి భారతదేశంలో ఏటా సుమారు 78 లక్షల టన్నుల వస్త్ర వ్యర్థం పోగవుతున్నది. ప్రపంచం మొత్తంమీద పోగయ్యే దానిలో ఇది సుమారు 8.5 శాతం. ఈ అంకె చూచి నిరుత్సాహపడనక్కరలేదు. ఇందులో 59 శాతం ఏదో ఒక రూపంలో తిరిగి వస్త్ర పరిశ్రమకే చేరుతున్నదని ఆ అధ్యయనమే చెప్పినది. మిగిలినది నాసిరకం వినియోగానికో, కొలిమికో, చెత్తదిబ్బకో పోతున్నది. అనగా మనదేశంలో పాతగుడ్డకు మార్గం లేకపోలేదు. ఆ మార్గాన్ని వేసినవారు ఎవరు, ఆ మార్గం ఈనాడు ఎందుకు ఇరుకవుతున్నది, పట్టణ సంస్థలు దానిని ఎట్లా విశాలం చేయవచ్చును అన్న మూడు విషయాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఇండ్లలోని పద్ధతి

పునర్వినియోగం అనే మాట కొత్తది గాని, ఆ పని మనకు కొత్తది కాదు. ఒక నూలుచీర జీవితాన్ని గమనించండి. కట్టి కట్టి మెత్తబడిన చీర పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది. ఇంకా మెత్తబడితే చింపి బాలింతరాలి గదిలో పొత్తిగుడ్డలు చేస్తారు. నాలుగు చీరలు పొరలుగా పరచి కుడితే బొంత అవుతుంది. బొంత చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. చివరి పీలిక దీపంలో వత్తి. ఒకే వస్త్రం ఇన్ని మెట్లు దిగి, చివరకు వెలుగునిచ్చి బూడిద అవుతున్నది. ఏ మెట్టులోనూ మన అమ్మమ్మలు దానిని వ్యర్థమని పిలువలేదు.

ఇంటిలోపలి పని స్త్రీలది కాగా, ఇంటిబయటి పనిని వృత్తిగా స్వీకరించినవారు దూదేకులవారు. నూర్‌బాషాలని, లద్దాఫులని, పింజారులని కూడా వీరిని పిలుస్తారు. ఇస్లాం మతస్థులై, తెలుగు మాతృభాషగా గలవారు. దూదిని ఏకేవారు కనుక దూదేకులవారు. గట్టిపడి గడ్డలు కట్టిన పరుపును విప్పి, దూదిని ఎండబోసి, పెద్ద విల్లుకు బిగించిన నారిని కొయ్యసుత్తితో మీటుతూ, ఆ అదురుకు దూదిని పోచపోచగా విడదీసి, మట్టిని రాల్చి, తిరిగి గలీబులో నింపి కుట్టి ఇచ్చేవారు. నారి మ్రోత వినబడిందంటే వీధికి పరుపులవాడు వచ్చినాడని అర్థం. పదేళ్లు పడుకొన్న పరుపు సాయంకాలానికి కొత్తదయ్యేది. కొంత దూది ధూళిగా పోయినా, మిగిలినదానికి గుప్పెడు కొత్తదూది చేరిస్తే సరిపోయేది. పాతదానిని విప్పుట, శుభ్రపరచుట, పోగులు విడదీయుట, కొంత కొత్తది కలుపుట అన్న ఈ నాలుగు పనులనే నేటి పెద్ద కర్మాగారాలు యంత్రాలతో చేస్తున్నవి.

పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల కులస్థుడన్న సంగతి మన ప్రాంతంలో అందరూ ఎరిగినదే. అయినను ఆ వృత్తి పేరు మన వ్యవహారంలో ఏమైనదో చూడండి. పింజారి అన్న మాటను తిట్టుగా వాడేవారు నేటికీ ఉన్నారు. మన పరుపును బాగుచేసినవాని వృత్తినామం మన నోట తిట్టు కావడం ఆలోచించదగిన విషయం. పాతదానిని ముట్టుకొనేవాడు తక్కువవాడనే భావం మనలో ఉన్నంతకాలం, పాతదానిలోని విలువ కూడా మన కంటికి ఆనదు.

ప్రపంచంలో పాతగుడ్డ చేసిన ప్రయాణం

ఈ భావం నిజమే అయితే ప్రపంచ నాగరికత మరొక దారి పట్టి ఉండేది. ఎందుకనగా మనిషి వ్రాసుకొన్న కాగితమే పాతగుడ్డనుండి పుట్టినది. క్రీ.శ. 105 ప్రాంతంలో చైనాలో త్సాయ్ లున్ అనే అధికారి చెట్టుబెరడు, జనుము, పాత వలలు, చింపిరి గుడ్డలు నానబెట్టి దంచి కాగితం తయారుచేసే పద్ధతిని చక్కబరచినాడు. ఎనిమిదవ శతాబ్దిలో ఆ విద్య సమర్‌ఖండుకు, అక్కడినుండి బాగ్దాదుకు చేరినది. అరబ్బు పండితుల గ్రంథాలు, తరువాత ఐరోపాలో అచ్చయిన పుస్తకాలు పాతగుడ్డల కాగితం మీదనే వెలసినవి. కొయ్యగుజ్జు కాగితం పందొమ్మిదవ శతాబ్దిలో గాని వ్యాప్తికి రాలేదు. నేటికీ మన రూపాయి నోటు కాగితం నూటికి నూరుపాళ్లు పత్తితోనే తయారవుతున్నది.

ఉన్ని విషయంలో మరొక అధ్యాయం ఉన్నది. 1813లో ఇంగ్లండులోని బాట్లీ పట్టణంలో బెంజమిన్ లా అనే వ్యక్తి పాత ఉన్నిగుడ్డలను పీచుగా చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికి, చౌక వస్త్రం నేసినాడు. దానికి షాడీ అని పేరు. మనదేశంలో ఈ పరిశ్రమకు కేంద్రం హర్యానాలోని పానిపట్టు. 1947 దేశవిభజన తరువాత వలస వచ్చిన చేనేతవారితో పెరిగిన ఆ పట్టణం, కాలక్రమాన విదేశాల పాతదుస్తులను దిగుమతి చేసుకొని కంబళ్లు నేయడంలో ప్రసిద్ధి పొందినది. అక్కడ స్త్రీలు వరుసలుగా కూర్చుండి గుండీలు కోసి, జిప్పులు ఊడదీసి, గుడ్డలను రంగులవారీగా కుప్పలు పోస్తారు. ఎర్రకుప్పనుండి ఎర్రనూలు, నీలికుప్పనుండి నీలినూలు వస్తుంది కనుక మరల రంగు వేయనక్కరలేదు. రంగుకు కావలసిన నీరు, రసాయనాలు మిగులుతున్నవి. విపత్తుల వేళ సహాయ సంస్థలు కొని పంచే చౌక కంబళ్లలో చాలాకాలం ఇటువంటివే ఎక్కువ. ఇటీవలి దశాబ్దాలలో పాలియెస్టర్ దుప్పట్లు చౌకగా రావడంతో ఆ పరిశ్రమకు పోటీ పెరిగి, అనేకులు దారి మార్చుకొన్నారు. దక్షిణాదిన తిరుప్పూరులో బనియను కత్తిరింపుల ముక్కలు తిరిగి పీచై, నూలై, ముతకవస్త్రాలవుతున్నవి.

పాతగుడ్డ దిగే మెట్లు

ఈ పనిలోని శాస్త్రం సులభంగానే అర్థమవుతుంది. పాతగుడ్డ విలువ మెట్లుమెట్లుగా ఉంటుంది. పై మెట్టులో ఉండగా కిందికి నెట్టరాదు. ఇదే మొదటి సూత్రం.

మొదటి మెట్టు, గుడ్డను గుడ్డగానే వాడుట. లాడ్జీ దుప్పటి సాధారణంగా నడిమిభాగంలో అరుగుతుంది. అంచులు గట్టిగానే ఉంటాయి. ఆ అంచులను కత్తిరించి దిండుగలీబులు, వంటవారి ముందుగుడ్డలు, సంచులు కుట్టవచ్చును. ఇట్లా కుట్టిన గలీబుకు మళ్లీ చాలాకాలం పని ఉంటుంది.

రెండవ మెట్టు, తుడుపుగుడ్డ. మెకానికు షెడ్లలో, అచ్చుయంత్రాల దగ్గర, రంగులు వేసేవారి దగ్గర దీని అవసరం నిత్యం ఉంటుంది. 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పని దీనితోనే మొదలై దీనితోనే ముగుస్తుంది. ఇక్కడ ఒక విశేషం. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది కనుక అది నూనెను సరిగా పీల్చదు. అనేకసార్లు ఉతికిన పాత నూలుగుడ్డ చక్కగా పీలుస్తుంది. అనగా ఈ పనికి పాతదే మేలైనది.

మూడవ మెట్టు, పీచు. గుడ్డను చిన్నముక్కలు చేసి, ముళ్లు దిగవేసిన ఉరుళ్ల మధ్య నడిపితే నేత విడిపోయి పోగులు పీచవుతాయి. అయితే ఈ లాగుడులో పోగులు తెగి పొట్టివవుతాయి. పొట్టిపీచుతో సన్ననూలు రాదు. అందుచేత కొంత కొత్తపత్తినో పాలియెస్టర్‌నో కలిపి ముతకనూలు తీసి, జంపకానాలు, తుడుపులు, దుప్పట్లు నేస్తారు.

నాలుగవ మెట్టు, నింపుడు సరుకు. నూలుకు పనికిరాని పీచు పరుపులలో, వాహనాల సీట్లలో, శబ్దాన్ని అణచే పలకలలో చేరుతుంది. ఆ తరువాతనే మంట, ఆ తరువాతనే చెత్తదిబ్బ.

చిక్కు ఎక్కడ ఉన్నది?

కొన్నాళ్ల క్రిందట మా ఇంటి పరుపు ఒకటి గట్టిబడితే, మోటారుబండి మీద ఏకుడు యంత్రం పెట్టుకొని తిరిగే ఒక దూదేకుల పెద్దాయనను పిలిచినాము. ఆయన గలీబు కుట్లు విప్పి, లోపలినుండి గుప్పెడు తీసి, రెండువేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని చూచి, పక్కన పెట్టినాడు.

"సారూ, ఇందులో సగం దూది కాదు. ఏకితే పొడి అయిపోతాది గానీ పొంగదు" అన్నాడు.

"ఎట్లా తెలిసింది పెద్దాయనా?" అని అడిగినాను.

"నలభై ఏండ్లు దూది పీల్చిన ముక్కు సారూ ఇది. నిజందూది వాసనే వేరు" అని నవ్వినాడు. వెంటనే దగ్గు వచ్చినది. దూదిధూళి ఏళ్ల తరబడి పీల్చినవారికి ఊపిరి పట్టేసే వ్యాధి కలదు. వైద్యశాస్త్రంలో దానిని బిస్సినోసిస్ అంటారు. పాతవిల్లు ఏమైనదని అడిగితే, అటకమీద ఉన్నదన్నాడు. కుమారుడు చెన్నపట్నంలో కారు నడుపుతున్నాడట. "వాడికి ఈ ముక్కు రాదు సారూ, రావద్దు కూడా" అన్నాడు.

ఆ మాటలో గర్వమూ ఉన్నది, బాధా ఉన్నది. ఆయన వేళ్లు కనిపెట్టినదే నేటి పరిశ్రమ ఎదుర్కొంటున్న అసలు చిక్కు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రజ్ఞులు టెరిలిన్‌ను కనిపెట్టినారు. నలగదు, త్వరగా ఆరుతుంది, చాలాకాలం మన్నుతుంది కనుక పాలియెస్టర్ లోకమంతటా వ్యాపించినది. పత్తితో కలిసి టెరికాటన్ అయినది. హోటళ్ల దుప్పట్లలోనూ, పనివారి యూనిఫారాలలోనూ ఈ మిశ్రమమే అధికం. ఒకే పోగులో పేనుకొన్న పత్తిని, పాలియెస్టర్‌ను ముళ్ల ఉరుళ్లు విడదీయలేవు. రసాయనాలతో విడదీసే పద్ధతులు వచ్చినవి గాని, అవి ఇంకా విస్తారంగా అమలులోకి రాలేదు. పునర్వినియోగ పాలియెస్టర్ అని చెప్పి అమ్మే చొక్కాలలో అధికభాగం పాతచొక్కాలనుండి కాక, నీళ్లసీసాల ప్లాస్టిక్కునుండి వచ్చినవే. ప్రపంచంలో దుస్తులకు వాడే సరుకులో మరల దుస్తులుగా మారేది నూటికి ఒక వంతు కూడా లేదని 2017లో ఒక అంతర్జాతీయ నివేదిక తేల్చినది.

కనుక పాతగుడ్డ విలువ అంతా వేరుపరచుటలోనే ఉన్నది. నూలుది ఏది, మిశ్రమం ఏది, ఉన్ని ఏది అని గుర్తించాలి. ఇందుకు ప్రయోగశాలలో చేయదగిన చిన్నపరీక్ష ఒకటి కలదు. పోగును పట్టుకారుతో పట్టి దీపానికి చూపండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలియెస్టర్ అయితే కరిగి ముడుచుకొని నల్లని గట్టిపూస అవుతుంది. బూడిద, పూస రెండూ కనిపిస్తే అది టెరికాటన్.

పట్టణ సంస్థల బాధ్యత

ఇక్కడనే వ్యాపారసంస్థల గుడ్డకు ఒక విశేషం ఉన్నది. ఇంటి మూటలో నూరు గుడ్డలుంటే నూరు రకాలు. లాడ్జీ మూటలో నూరు గుడ్డలుంటే నూరూ ఒకే రకం. అదే నేత, అదే రంగు, అదే కొలత. వేరుపరచే శ్రమ ముందే తీరిపోయిన సరుకది. కనుక పాతగుడ్డలన్నిటిలోను ఇదే విలువైనది. అయినను తడిచెత్తతో కలిసి ఒక్కపూటలో అది పనికిరాకుండా పోతున్నది. అన్నం, కూరలు తగిలిన తడిగుడ్డ రెండురోజులలో బూజు పడుతుంది. అప్పుడు దానికి నాలుగు మెట్లూ మూసుకొనిపోతాయి.

నెల్లూరు చిన్నబజారు, పెద్దబజారులలోని దుస్తుల దుకాణాలు గాని, ఏ.యస్.పేట దర్గాకు వచ్చే యాత్రికులు బసచేసే లాడ్జీలు గాని, రహదారి వెంట హోటళ్లు గాని చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గుడ్డకు ప్రత్యేకంగా ఒక పొడిసంచి పెట్టవలెను. నూలుదానిని, మిశ్రమాన్ని రెండు మూటలుగా కట్టవలెను. గుండీలు, జిప్పులు తీయించవలెను. సంస్థ పేరు, ముద్ర ఉన్న యూనిఫారాల మీద ఆ ముద్రను కోసివేయవలెను. లేకపోతే కాపలాదారు చొక్కా మోసగాని ఒంటిమీద కనబడే ప్రమాదమున్నది. నెలకొకసారి తూకం వేసి పుస్తకంలో వ్రాయవలెను. ఎంత పోతున్నదో తెలిసిననాడు పారవేయడానికి చేయి రాదు.

రెండు విషయాలలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆసుపత్రిలో రక్తం, ఇతర శరీర ద్రవాలు అంటిన దుప్పట్లు, పరుపులు పునర్వినియోగానికి రాకూడదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వాటిని పసుపు వర్గంలో చేర్చి, ప్రత్యేకంగా నిర్మూలించాలని చెప్పినవి. అట్లే షెడ్లలో నూనె పీల్చిన తుడుపుగుడ్డను అదే ఏటి మరొక నిబంధనావళి ప్రమాదకర వ్యర్థంగా లెక్కించినది. వాటిని మామూలు మూటలో కలిపితే, ఆ మూట విప్పే స్త్రీ చేతులకు హాని మనమే చేసినవారమవుతాము.

ఐరోపా సమాఖ్య దేశాలు 2025 జనవరి 1 నుండి వస్త్రాలను ఇతర చెత్తనుండి వేరుగా సేకరించే ఏర్పాటు తప్పనిసరి చేసినవి. మనదేశంలో 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ అనే సంస్థ, పట్టణాల పాతగుడ్డను పల్లెలకు చేర్చి, అక్కడివారు ఊరికోసం చేసిన శ్రమకు ప్రతిఫలంగా ఇస్తున్నది. చిన్నముక్కలతో స్త్రీలకు రుతుకాలపు గుడ్డలు తయారుచేయిస్తున్నది. ఆ కృషికి 2015లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించినది. పాతగుడ్డను భిక్షగా కాక శ్రమకు తగిన గౌరవంగా అందించడం ఇందులోని గొప్పతనం.

మనం చేయదగినది

ఉదయగిరి కళాకారులు చెక్కిన కొయ్యగరిటెలు, చెంచాలు నేడు భౌగోళిక గుర్తింపు పొంది దూరదేశాలకు పోతున్నవి. చెంచా చేతికి వచ్చినప్పుడు చెక్కినవాని చేయి గుర్తుకు వస్తుంది. కాని పరుపు కుట్టి మూసిన తరువాత లోపల దూది ఏకినవాని చేయి ఎవరికీ కనబడదు. పానిపట్టులో రంగులు వేరుచేసే స్త్రీ చేయీ అంతే. స్టీలుగిన్నెలు నెత్తిన పెట్టుకొని పాతబట్టలకు మారుగా ఇస్తూ వీధివీధి తిరిగే స్త్రీ కాళ్లూ అంతే. వీరి చూపులో, వేళ్లలో ఉన్న పరిజ్ఞానం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వారి పిల్లలు ఆ ధూళిని పీల్చకుండా ఉండవలసినదే. కాని ఆ పరిజ్ఞానం వారితోనే అంతరించనవసరం లేదు. ముఖానికి గుడ్డ, ధూళిని లాగే పంకా, కూలికి తగిన వేతనం ఉంటే అదే వృత్తి గౌరవప్రదమైన పరిశ్రమ కాగలదు.

మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే కప్పు క్రింద ఉన్నారు. దూది ఏకే ఇండ్లనుండి వచ్చినవారూ ఉండవచ్చును. కనుక ఈ పని ఇక్కడనే మొదలుకావడం సముచితం. సంవత్సరాంతంలో పాత యూనిఫారాలను, వసతిగృహపు పరుపులను, కిటికీ తెరలను ఒకచోట చేర్చి, నూలుదీ మిశ్రమమూ వేరుచేసి తూచి, ఆ లెక్కను నోటీసుబోర్డు మీద పెట్టవచ్చును. రసాయనశాస్త్ర విద్యార్థులు దీపపరీక్ష చేయవచ్చును. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఏ మెట్టులో ఎంత ధర పలుకుతుందో బజారులో విచారించి రాయవచ్చును. ఒక దూదేకుల పెద్దాయనను పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన చేత ఒక పాఠం చెప్పించవచ్చును. ఈ చివరి పనికి కమిటీవారు ఒక్క రూపాయి కూడా కేటాయించనక్కరలేదు.

సంగం వద్ద పెన్నకు అడ్డుకట్ట లేనినాడు వచ్చిన నీరు వచ్చినట్లే సముద్రం పాలయ్యేది. కట్ట కట్టి కాలువలోనికి మరల్చిన తరువాత ఆ నీరే పైరైనది. పట్టణాలనుండి పారిపోతున్న పాతగుడ్డకు కూడా అటువంటి కట్ట ఒకటి కావలెను. దానికి మొదటిరాయి ప్రతి సంస్థ గుమ్మంలో వ్రేలాడే ఒక పొడిసంచి. రెండవరాయి పాతదానిని ముట్టుకొనే చేతిపట్ల మన మనస్సులో కలిగే మర్యాద. ఇకముందు ఎవరైనను ఆ వృత్తిపేరును తిట్టుగా వాడితే, అది మన పరుపును బాగుచేసినవాని పేరని చెప్పి ఆపగలిగిన విద్యార్థి ఒక్కడైనను ఈ కళాశాలనుండి వెళ్లగలడని ఆశిస్తున్నాను.